తండ్రికి పథ్యం

"నా ట్యూబులు కట్టించెయ్యండి డాక్టర్" అంది డోరిస్, కుర్చీలో కూర్చోకుండానే.

నేను పిల్లల డాక్టర్ని. ఆ ఆపరేషన్ నా పని కాదు. ఆ మాటే కొంచెం విసురుగా చెప్పాను. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది, కాకినాడలో మెడిసిన్ చదివే రోజుల నుంచీ అందరికీ తెలిసిన సంగతే. పైగా వెరులం దగ్గరి మా ఆసుపత్రిలో ఆ పొద్దున ఇసకేస్తే రాలనంత జనం. ఈ దేశంలో తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చీ రాగానే ఆరేళ్ళలోపు పిల్లలకి వైద్యం ఉచితం చేసింది. అంతకుముందు ఆసుపత్రి గడప తొక్కని తల్లులు కూడా పిల్లల్ని వీపున కట్టుకుని కొండలు దిగి వస్తున్నారు. మంచిదే. కానీ చూసే డాక్టర్లు మాత్రం పెరగలేదు, నేనొక్కదాన్ని ఇండియా నుంచి వచ్చి చేరడం తప్ప.

డోరిస్ వాళ్ళది ఆ పక్కనే ఉన్న ఫీనిక్స్. చెరుకు తోటల్లో పనికి ఓడలెక్కి వచ్చిన మన విశాఖ వైపు వాళ్ళ మునిమనవరాలు. బట్టల ఫ్యాక్టరీలో మిషను కుడుతుంది. బాప్టిస్టు కుటుంబం. మాట్లాడేదంతా ఇంగ్లీషే, నేను తెలుగులో చెబుతున్నాను. వెనకాలే వచ్చిన ఆమె అత్త ఆదెమ్మ మాత్రం తెలుగు మరిచిపోలేదు. దేశం నుంచి తెలుగు డాక్టరమ్మ వచ్చిందట అని విని, కోడల్నీ మనవరాలినీ తీసుకుని నెలనెలా నా దగ్గరికే వస్తుంది.

"దాని మాట ఇనుకో డాక్టరమ్మా" అంది ఆదెమ్మ, కుర్చీ లాక్కుని. "దీని కడుపు మంచిది కాదు. ఇంకో బిడ్డని ఇలాగే కంటే ఆ బిడ్డకీ కట్టమే, మనకీ కట్టమే."

ఆదెమ్మ ఒళ్ళో ఉన్న బిడ్డ టాన్యా, డోరిస్ కూతురు. రెండేళ్ళు నిండబోతున్నాయి. నెలలు నిండాకే పుట్టింది గాని గుప్పెడంత పుట్టింది. మొదటి వారాల్లో ఒళ్ళంతా వణికేది. ఇప్పటికీ కాళ్ళు బిగదీసుకుంటాయి, నడక రాలేదు, మాటలు రెండో మూడో. తలుపు గట్టిగా పడితే చాలు, ఉలిక్కిపడి నీలంగా అయ్యేదాకా ఏడుస్తుంది. నాకు తెలిసిన పరీక్షలన్నీ చేయించాను. తల్లి రక్తం, పిల్ల రక్తం, థైరాయిడ్, అంటురోగాలు, అన్నీ బాగానే ఉన్నాయని వచ్చాయి. కారణం దొరకలేదు. కారణం దొరకని చోట మన వాళ్ళకి ఆడదాని కడుపు ఎప్పుడూ దొరుకుతుంది.

"నాకు ఒక్క మాట చెప్పండి" అంది డోరిస్. "తప్పు నా కడుపుదేనా? అవునంటే ఇవాళే కట్టించుకుంటాను. కాదంటే ఇంకొకర్ని కంటాను. నేను పోయాక టాన్యాని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి."

ఆ అమ్మాయి ఏడవలేదు. ఫ్యాక్టరీలో పని అప్పగించమన్నట్టు అడిగింది.

కడుపుతో ఉన్నప్పటి సంగతులన్నీ మళ్ళీ మొదటి నుంచీ అడిగాను. డోరిస్ నోరు తెరవక ముందే ఆదెమ్మ అందుకుంది. బొప్పాయి ముట్టనివ్వలేదట. అనాస వాసన చూడనివ్వలేదట. గ్రహణం నాడు గదిలోంచి బయటికి రానివ్వలేదట, దేవుణ్ణి నమ్ముకున్న ఇల్లయినా సరే. సిగరెట్టు తాగేవాళ్ళ పక్కన కూర్చోనివ్వలేదట. మునగాకు, వెల్లుల్లి, వేళకి నిద్ర. నేను చదువుకున్న పుస్తకాలు కూడా అంత పథ్యం చెప్పవు.

"మరి మీ అబ్బాయికి ఏం పథ్యం పెట్టారు మామ్మా?"

ఆదెమ్మ నవ్వేసింది. "మగోడికి పథ్యమేటి తల్లీ? ఆడేమైనా కంటాడా?"

"విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?" అన్నాను. "విత్తనం ఎవరిది? నేల సంగతి చాలా చూశాం. రేపు ఆయన్ని రమ్మనండి."

అంతవరకూ ఎవరూ డోరిస్ భర్త నెవిల్‌ని ఏమీ అడగలేదు. ప్రసవం చేసిన డాక్టరు అడగలేదు, నర్సు అడగలేదు, చర్చిలో అడగలేదు. పిల్ల తండ్రి అంటే బండి తోలుకుని వచ్చేవాడు, గేటు దగ్గర నిలబడేవాడు, అంతే.

మర్నాడు వచ్చాడు. నిండైన మనిషి, ద్వారబంధానికి తల తగలకుండా వంగి వచ్చాడు. అంతకుముందు చెప్పుల ఫ్యాక్టరీలో ఉండేవాడు. బయటి దేశాల నుంచి చౌక చెప్పులు దిగేసరికి అది మూతపడింది, ఇప్పుడు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడు. మర్యాదస్థుడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, స్కూల్లో హెడ్మాస్టరు పిలిచినట్టు కూర్చున్నాడు. కుడి అరచేతి మధ్యలో, గోరింటాకు పెట్టుకున్నట్టు, గోధుమరంగు మచ్చ.

"అదేంటి?"

"గ్రీజు, డాక్టర్."

"గ్రీజు సబ్బుకి పోతుంది. అది పోదు."

చెయ్యి మూసుకున్నాడు. నేను పెన్ను కింద పెట్టి కూర్చున్నాను. మాట్లాడకుండా కూర్చోవడం నాకు చచ్చేంత కష్టం, మా ఆయన గిరిధరరావుని అడగండి చెబుతాడు. అయినా కూర్చున్నాను.

"బటన్స్" అన్నాడు చివరికి.

మాండ్రాక్స్ అనే మత్తు బిళ్ళల్ని ఇక్కడ బటన్స్ అంటారు. నలిపి గంజాయిలో కలిపి, పగలగొట్టిన సీసా మెడలో కూరి పీలుస్తారు. ఆ వేడి సీసాని పట్టుకునే చేతికి అలాంటి మచ్చ మిగులుతుంది. ఫీనిక్స్‌లో వీధికొక ఇంట్లో దొరికేవి.

"ఎప్పటి నుంచి?"

"స్కూలు మానేసినప్పటి నుంచి. కానీ డాక్టర్, డోరిస్ ముందు ఎప్పుడూ తాగలేదు. ఇంట్లోనే తాగలేదు. ఆమె కడుపుతో ఉన్నప్పుడు బయట చొక్కా మార్చుకుని లోపలికి వచ్చేవాణ్ణి. ఆ పొగ కాస్త కూడా నా బిడ్డకి తగలనివ్వలేదు."

ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో గర్వం కనిపించింది. తిట్టడానికి నోరు తెరిచినదాన్ని మూసుకున్నాను. పాపం, అతను నిజంగానే కాపాడాననుకున్నాడు. పొగ ఎటు నుంచి వస్తుందో అటు తలుపు మూశాడు. ఇంకో తలుపు తనలోనే ఉందని అతనికి ఎవరు చెప్పారు గనక?

చెప్పాను. చెబుతుంటే నాకే కొత్తగా వింటున్నట్టు అనిపించింది. ఆడపిల్ల పుట్టేటప్పటికే తన అండాలన్నీ తనతోనే ఉంటాయి నాయనా, అన్నాను. టాన్యాలో సగం, డోరిస్ ఇంకా తన తల్లి కడుపులో ఉన్నప్పుడే తయారై కూర్చుంది. మగవాడి సంగతి అలా కాదు. మీ ఒంట్లో ఆ పని ఎప్పుడూ ఆగదు. ఒక్కొక్క కణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. ఆ రెండున్నర నెలల్లో నువ్వు తిన్నది, తాగింది, పీల్చింది, నీ రక్తంలో ఏం తిరిగితే అది ఆ పనిచోటికీ వెళుతుంది. అక్కడ తయారైన వాటిలో ఒకే ఒక్కటి నీ బిడ్డ.

అతను చాలాసేపు తన ఒంటివంక చూసుకున్నాడు, ఇన్నాళ్ళూ ఎవరిదో ఇంట్లో అద్దెకున్నట్టు.

"అంటే టాన్యాకి నేనే..."

"తెలీదు" అన్నాను. "మగ ఎలుకలకి మత్తుమందులు ఎక్కించి, ఏ మందూ ముట్టని ఆడ ఎలుకలతో కలిపి చూశారు. కొన్నిసార్లు పిల్లలు చిన్నగా పుట్టాయి, కొన్ని సరిగ్గా నేర్చుకోలేకపోయాయి. నువ్వు పీల్చినదాన్ని మనుషుల్లో ఎవరూ సరిగ్గా తేల్చలేదు. తండ్రుల్ని అడిగితే కదా తేలేది. నేను చెప్పగలిగింది ఒక్కటే, డోరిస్‌లో నాకు ఏ లోపమూ కనిపించలేదు."

"మానేస్తే మళ్ళీ కొత్తవి వస్తాయా?"

"వస్తాయి. పాతవన్నీ పోయి కొత్తవి వస్తాయి. ఏ మచ్చా లేకుండా వస్తాయా అంటే మాత్రం మాటివ్వలేను."

అతను లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు. "చూడొచ్చా వాటిని?" అని అడిగాడు.

ఇంతవరకూ నన్ను ఎవరూ అలాంటి కోరిక కోరలేదు. సరే, ల్యాబు మా వరండా చివరే కదా. సీసా చేతికిచ్చి గది చూపించాను. అతను సిగ్గుతో కుంగిపోతుంటే, "నువ్వు కొత్తగా కనిపెట్టిన పని కాదులే, వెళ్ళు" అన్నాను. నా నోరు అంతే.

మైక్రోస్కోపు ముందు నేను సరిచేసి, తప్పుకుని, అతన్ని కూర్చోబెట్టాను. అంత పెద్ద మనిషి ఊపిరి బిగబట్టాడు. ఎంతసేపు బిగబట్టాడంటే నేను భుజం తట్టాల్సి వచ్చింది.

"బతికున్నాయి" అన్నాడు మెల్లగా. "ఇవన్నీ నావేనా?"

"నీవే."

"ఇది ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది, ఎటూ పోవడం లేదు. దీనికి రెండు తలలు. దీనికి తోక మెలిపడింది." వేలు పైకెత్తి చూపిస్తున్నాడు, అవి నాకు కూడా కనిపిస్తాయన్నట్టు. "చాలా ఉన్నాయి డాక్టర్ ఇలాంటివి. బాగున్నవి తక్కువ."

అవును, తక్కువే. గంజాయి తాగేవాళ్ళలో చూసేదే అది. తర్వాత నేను కూడా కన్ను పెట్టాను. కాలేజీ వదిలాక అంత తీరిగ్గా చూసింది లేదు. ఒక చుక్కలో అంతమంది. ఒక్కొక్కదానిలో వేల తరాల వాళ్ళు, ఓడ ఎక్కినవాళ్ళు, ఎక్కకుండా ఊళ్ళోనే చచ్చిపోయినవాళ్ళు, వాళ్ళ ముక్కులు, వాళ్ళ కోపాలు. ఇన్ని కోట్ల మందిలో టాన్యా ఒక్కతే ఈదుకుంటూ వచ్చి చేరింది. ఏం తగిలినా, ఎంత మెలిపడినా వచ్చి చేరింది. ఆ పిల్ల గట్టిది, అనుకున్నాను.

ఆ సాయంత్రమే నెవిల్ డోరిస్‌కి చెప్పేశాడు. మర్నాడు ఇద్దరూ వచ్చారు.

"బటన్స్ సంగతి నాకు పెళ్ళయిన కొత్తలోనే తెలుసు" అంది డోరిస్. "అత్తకి తెలిస్తే చచ్చిపోతుందని నోరు మూసుకున్నాను. అది అతని ఊపిరితిత్తుల గొడవ అనుకున్నాను. ఇంతకీ టాన్యాకి కారణం అదేనా?"

"కావచ్చు. ఖాయంగా తెలీదు."

"మీరు తెలీదంటున్నారు. అత్త తెలుసంటోంది. నేను ఎవరి మాట వినాలి డాక్టర్?"

తెలీదు అనడం నిజాయితీయే, కానీ ఆ నిజాయితీతో డోరిస్ ఏం చేసుకుంటుంది? ఆమె వెళ్ళి వేరే డాక్టరు దగ్గర ఆపరేషన్‌కి రోజు ఖాయం చేసుకుని వచ్చింది.

నెవిల్ మాత్రం మానేశాడు. ఆ మందు ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ వస్తాయి, అందుకని తెలిసిన డాక్టరు వార్డులో కొన్నాళ్ళు పెట్టించాను. చెమటలు, వణుకు, నిద్ర లేకపోవడం. ఒకరోజు వెళ్ళి చూస్తే మంచం ఊచలు పట్టుకుని వణుకుతున్నాడు. "టాన్యా పుట్టినప్పుడు ఇలాగే వణికింది" అన్నాడు నన్ను చూసి. కొడుక్కి కడుపులో పుండు అని ఇంట్లో ఆదెమ్మతో చెప్పారు. ఆవిడ నమ్మి, వార్డుకి రోజూ సగ్గుబియ్యం జావ పంపింది.

డోరిస్ ఆపరేషన్ దగ్గర పడుతోంది. చివరి ప్రయత్నంగా ఆదెమ్మ తన ఇంట్లో ఆడవాళ్ళ ప్రార్థన పెట్టింది. ప్రతి గురువారం మధ్యాహ్నం ఎవరో ఒకరి ఇంట్లో ఆ కూడిక జరుగుతుంది. కష్టం ఉన్న మనిషిని మధ్యలో పడుకోబెట్టి, కష్టం ఒంట్లో ఎక్కడ ఉంటే అక్కడ అందరూ చేతులు పెట్టి ప్రార్థిస్తారు. డోరిస్ కడుపు మీద ఇదివరకు చాలాసార్లు పెట్టారట. ఆదెమ్మ నన్ను కూడా పిలిచింది. "నువ్వు మొక్కే దేవుడు యేరే అయినా పర్లేదు, కూకో. నీ సెయ్యి మంచిది" అంది. కాదనలేక వెళ్ళి వంటింటి గుమ్మం పక్కన పీట వేసుకున్నాను.

చాప మీద డోరిస్ కళ్ళు మూసుకుని పడుకుంది. చుట్టూ పెద్దవాళ్ళు, తల మీద గుడ్డలు కప్పుకుని. నడిపించేది రమణమ్మ అనే పెద్దావిడ. ఆవిడకి ఇంగ్లీషు తప్ప రాదు గాని ప్రార్థన మాత్రం తెలుగులోనే చేస్తుంది, తాతలనాటి మాటలతో. "ప్రభువా, ఈ గర్భమును చూడుము. ఇందులోని దోషమును తీసివేయుము" అంటుంటే, పొట్ట మీద పట్టనన్ని చేతులు. ఆ చేతుల కింద డోరిస్ ముఖం చూశాను. చేతులు ప్రేమగానే ఉన్నాయి. కానీ ఒక్కొక్క చెయ్యీ తప్పు ఇక్కడే ఉందని చెబుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి ఏదో ఒకటి అనేసేదాన్నే.

అప్పుడు తలుపు తీసుకుని నెవిల్ వచ్చాడు. ఆ కూడికలోకి మగవాళ్ళు రారు. బూట్లు గుమ్మంలో విడిచి, మేజోళ్ళతో నడిచి వచ్చి, డోరిస్ పక్కన చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. చాప చాలక కాళ్ళు బయట పడ్డాయి.

"అమ్మా" అన్నాడు. ఇంగ్లీషులో కాదు. అతని నోట తెలుగు అదే మొదటిసారి వినడం. చిన్నప్పుడు వదిలేసిన భాషని ముక్కలు ముక్కలుగా ఏరుకుంటూ అన్నాడు. "డోరిస్ తప్పు లేదు. నేను తప్పు. నేను బటన్స్ తాగు. ఎన్నో ఏళ్ళు తాగు. పుండు లేదు, అబద్ధం. టాన్యా నా లోపల నుంచి కూడా వచ్చింది కదా అమ్మా. చేతులు ఆమె మీద తియ్యి. నా మీద పెట్టు."

రమణమ్మ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆదెమ్మ కొడుకుని చూడలేదు, నన్ను చూసింది.

"నిజమేనేటి డాక్టరమ్మా? మగోడి నుంచి కూడా వొత్తాదా?"

"రావచ్చు మామ్మా. డోరిస్‌లో వెతకాల్సిన చోటల్లా వెతికాను, ఏమీ కనపడలేదు. ఇతనిలో ఒక్కసారి వెతికాను, కనిపించింది. ఇంతకంటే నాకు తెలీదు."

ముసలావిడ కోడలి వైపు తిరిగింది. ఆ రెండేళ్ళలో కోడల్ని ఎన్ని అన్నదో అన్నీ లోపల వినిపిస్తున్నాయి కాబోలు. తర్వాత, నేను జన్మలో మరిచిపోలేను, రెండు చేతులతో చెంపలు వేసుకుంది. ఫట్ ఫట్‌మని. ఓడలో వచ్చిన ముత్తవ్వలు దేవుడి ముందు వేసుకున్నట్టే, ఈవిడ కోడలి ముందు వేసుకుంది. "తల్లీ, నీ ఉసురు పోసుకున్నాను" అంది. డోరిస్‌కి ఆ మాట అర్థం కాలేదు. చెంపలు వేసుకోవడం మాత్రం అర్థమైంది. లేచి అత్త చేతులు పట్టుకుని ఆపింది.

ఆదెమ్మ కళ్ళు తుడుచుకుని కొడుకు వైపు తిరిగింది. చెయ్యి చాపి, ఆగిపోయింది.

"ఎక్కడెట్టాలి డాక్టరమ్మా సెయ్యి?"

అందరూ నా వంకే చూస్తున్నారు. "మొల దగ్గర" అన్నాను చివరికి. ఒకావిడ తల మీది గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకావిడ కిటికీలోంచి బయటికి చూడసాగింది. ఆదెమ్మకి ఏ మొహమాటమూ లేదు. తను కని, కడిగి, పెంచిన ఒళ్ళు. నేరుగా మొల మీద చెయ్యి పెట్టింది. మిగిలినవాళ్ళు మర్యాదగా భుజాల మీదా మోకాళ్ళ మీదా పెట్టారు. డోరిస్ అతని అరచేతి మచ్చ మీద పెట్టింది.

"ప్రభువా" అంది ఆదెమ్మ. "ఈ ఎదవని నేనే కన్నాను. ఆడి సావాసాలు నేనే సూసుకోనేదు. తెలీక పరాయి పిల్లని ఆడిపోసుకున్నాను. నా బిడ్డ లోపల ఏం తయారవుతాదో నాకు కనపడదు, నీకు కనపడతాది. దాన్ని మంచిగా సెయ్యి." అంతే ప్రార్థన. ఆ మాటలు వింటుంటే గదిలో ఉన్న ఆడవాళ్ళంతా ఏడ్చారు. నేను ఆ దేవుణ్ణి మొక్కేదాన్ని కాదు. అయినా పీట మీద నుంచి లేచి వెళ్ళి, దొరికిన చోట, అతని మోకాలి మీద, నా చెయ్యి కూడా పెట్టాను. ఎందుకు పెట్టానో అడగకండి.

డోరిస్ ఆపరేషన్‌కి వెళ్ళలేదు. నేను తెలీదన్నప్పుడు నమ్మనిది, అత్త చెంపలు వేసుకున్నప్పుడు నమ్మింది. కొంచెం ఉక్రోషంగానే అనిపించింది నాకు. పోనీలెండి.

ఆ మర్నాటి నుంచి ఆదెమ్మ కొడుక్కి పథ్యం పెట్టింది. మామూలు పథ్యం కాదు, బాలింత పథ్యం. ఆవిడకి తెలిసిన పథ్యం అదొక్కటే. వెల్లుల్లి కారం, మునగాకు వేపుడు, సొరచేప పుట్టు. చన్నీళ్ళ స్నానం లేదు, బీరు లేదు, పెళ్ళి విందు లేదు, పాత స్నేహితులు గేటు దగ్గరికి వస్తే చీపురు. అదంతా టిఫిన్ డబ్బాలో స్ప్రింగ్‌ఫీల్డ్ గోడౌన్‌కి వెళ్ళేది. డబ్బా మూత తీస్తే వెల్లుల్లి వాసనకి ఫోర్క్‌లిఫ్టులన్నీ ఆగేవట. "నెవిల్, నీకెన్నో నెల?" అని తోటివాళ్ళు ఏడిపించేవారు. మొదట్లో ముఖం మాడ్చుకున్నాడు. తర్వాత తర్వాత, "మూడో నెల, ఇంకా వేవిళ్ళు తగ్గలేదు" అనడం మొదలుపెట్టాడు. వెల్లుల్లికి ఆ కణాలు బాగవుతాయా అని నన్ను అడిగితే నేనేం చెప్పను? కానీ మూడు పూటలా తల్లి ఎదురుగా కూర్చుని తినిపిస్తుంటే మనిషి సీసా మెడ దగ్గరికి ఎలా వెళతాడు? ఏ వార్డూ చెయ్యలేని పని ఆవిడ సొరచేప చేసింది.

కొన్ని నెలలు పోయాక మళ్ళీ ల్యాబుకి రమ్మన్నాను. ఈసారి ఇంటిల్లిపాదీ వచ్చారు. నెవిల్ చూశాడు, డోరిస్ చూసింది. "నేను సూడకూడదా?" అంది ఆదెమ్మ. నెవిల్ ముఖం కందగడ్డలా అయింది, గదిలోంచి వరండాలోకి పారిపోయాడు. ముసలావిడని స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక కన్ను ఎలా మూయాలో చూపించాను.

"ఓలమ్మ" అంది. అని, గొంతు తగ్గించింది, చర్చిలో ఉన్నట్టు. "ఎన్నున్నాయే. ఎలా పరుగెడతన్నాయే." కాసేపటికి కన్ను తియ్యకుండానే అడిగింది, "ఈటిలో ఒకటి మనిసవుద్దా?"

"ఒకటి అవ్వచ్చు మామ్మా."

"ఆడు కూడా ఇలాగే ఒచ్చేడా? నేను కూడానా?"

"నువ్వు, నేను, అందరం."

ఆవిడ చాలాసేపు లేవలేదు. మెలిపడ్డవి ఇంకా ఉన్నాయి, లేకుండా పోలేదు, ఎవరిలోనూ ఉండకుండా పోవు. కానీ తిన్నగా ఈదేవి ఈసారి చాలా ఎక్కువ. డోరిస్ గోడకి ఆనుకుని నిలబడి నవ్వింది. ఆ అమ్మాయి నవ్వు చూడటం అదే మొదలు. ఆ ఏడాది చివర్లో ఆమెకి నెల తప్పింది.

బాబు ఇక్కడి ఆగస్టు చలికాలంలో, మధ్యాహ్నం వేళ పుట్టాడు. నన్నే దగ్గర ఉండమన్నారు. బయటికి వస్తూనే ఆసుపత్రి అదిరేలా ఏడ్చాడు. నా వేలు పట్టుకుంటే విడిపించుకోవడానికి బలం కావాల్సి వచ్చింది. తిప్పి చూశాను, మళ్ళీ తిప్పి చూశాను. గుండె, కాళ్ళు, తల, చూపు, అన్నీ బాగున్నాయి. అప్పటికి ఎన్ని వందల మంది పసివాళ్ళని చూసి ఉంటాను. అయినా ఆ చుక్కలోంచి ఇంత మనిషి వచ్చాడన్నది నాకు ఆ వేళ కొత్తగానే ఉంది. జారెడ్ అని పేరు ముందే అనుకున్నారు.

వార్డులోకి అందరినీ రానిచ్చాక, నెవిల్ మంచం దగ్గర నిలబడి బాబుని చూశాడు. నవ్వుతాడనుకున్నాను. వాడి కాళ్ళు తన్నుకోవడం చూశాడు. తలుపు ధడాల్న పడితే ఒక్కసారి కళ్ళు తెరిచి మళ్ళీ నిద్రపోవడం చూశాడు. అతని ముఖం ఒక్కసారిగా పాలిపోయింది.

"నేను తాగకపోతే టాన్యా కూడా ఇలా ఉండేది" అన్నాడు. "ఇలాగే ఉండాల్సింది."

"నెవిల్, ఒక్క పిల్లని చూసి తేల్చలేం" అన్నాను. "ఒక తల్లి పిల్లలే ఒకలా ఉండరు. అప్పుడూ తెలీదన్నాను, ఇప్పుడూ తెలీదనే అంటున్నాను."

"మీకు తెలీదు డాక్టర్. ఇన్నాళ్ళూ నేను కూడా మీ మాట పట్టుకునే బతికాను. అందరి ముందూ నేనే తప్పు అన్నాను గాని, లోపల ఎక్కడో, నేను కాదేమో, ఎలుకల సంగతే కదా, అనుకునేవాణ్ణి." వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టాడు. "వీణ్ణి చూశాక ఇంక అలా అనుకోలేను."

మంచి జరిగితే మనిషి ఇలా కూలిపోతాడని నేను అనుకోలేదు.

టాన్యాకి నాలుగేళ్ళు రాబోతున్నాయి. గోడలు పట్టుకుని నడుస్తోంది. ఆదెమ్మ చెయ్యి వదిలించుకుని, ఒక్కొక్క మంచం ఊచే పట్టుకుంటూ, బిగుసుకున్న కాళ్ళతో వచ్చి తండ్రి ప్యాంటు పట్టుకుంది. రెండు చేతులూ పైకెత్తింది. అతను ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"నెవిల్" అంది డోరిస్, బాబుని పక్కలో పడుకోబెట్టుకునే. "పిల్ల ఎత్తుకోమంటోంది."

"ఏ మొహం పెట్టుకుని ఎత్తుకోను?"

"నీ మొహం దానికెందుకు? ఎత్తుకోమంటోంది అంతే. ఏడిస్తే ఏడువు. దాన్ని ఎత్తుకుని ఏడువు."

ఎత్తుకున్నాడు.